మధ్యాహ్నం గంట

మొయినాబాద్
జూలై

వదినకు,

మంజుల రాస్తున్నాను. రెండు పేజీలకు తగ్గకూడదని మీరు షరతు పెట్టారు కాబట్టి ముందుగానే పేజీలు మడిచి పెట్టుకుని కూర్చున్నాను. మొన్న మీరు వచ్చినప్పుడు అన్న మాట గుర్తుంది. "ఫోన్ల అడిగితే ఊఁ, ఆఁ తప్ప నీ నోట్లకెళ్లి మాట రాదు. కాయితం మీదనన్న మాట్లాడు. తప్పులు నేను దిద్దుత. వచ్చేయేడు ఓపెన్ స్కూల్ల పదోది రాద్దువు." ఐదో తరగతితో బడి మానేసిన నేను పదో తరగతి రాస్తానంటే మీ తమ్ముడు నవ్వారు. కానీ పొద్దున పనికి పోతూ రెండు పెన్నులు కొనిచ్చి పోయారు.

ఫోను ఎట్లాగూ ఆయన దగ్గరే ఉంటుంది. ఆయన కనకమామిడి ఊరి ఫాంహౌస్‌లో తోటపని ముగించుకుని వచ్చాక మాట్లాడదామంటే అత్తమ్మ పక్కనే కూర్చుని వింటుంది. ఆమె ఏమీ అనదు. ఐనా నాకు నోరు పెగలదు. ఉత్తరమైతే మీరు తప్ప ఎవరూ వినరు.

పాప బాగుంది. మీరు పెట్టిన పేరు, మనోజ్ఞ, అత్తమ్మ నోరు తిరగక 'మన్ను' అని పిలుస్తున్నది. ఇప్పుడు బోర్లా పడుతున్నది. నేను బడిలో ఆయా పనికి మళ్ళీ పోతున్నాను. పాపను వదిలి ఎట్లా పోతావని మీరు అడిగారు. మన సందు బడి వెనక గోడకు ఆనుకునే ఉంది కదా. మధ్యాహ్నం గంట కొట్టగానే వెనక గేటులో నుంచి ఇంటికి వస్తాను. అత్తమ్మ పాపను ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుని ఉంటుంది. "గంట గొట్టంగనే ఈ పోరి చెవులు నిక్కబొడుస్తది సూడు" అని రోజూ అదే మాట. నిజమే వదినా. గంట వినబడితే చాలు, పాప కాళ్ళు ఆడిస్తుందట. పాలు తాగుతూ నా బొట్టు కేసే చూస్తుంది. తాగి నిద్రపోయాక నేను నాలుగు ముద్దలు తిని బడికి పోతాను.

బడి వ్యాను నడిపే భూపాల్ అన్న మీరు పాఠాలు చెప్పే చేవెళ్ళ బ్రాంచీకి పరీక్ష పేపర్లు తీసుకుపోతున్నాడు. ఈ ఉత్తరం అతనికే ఇస్తున్నాను. మీ ఆరోగ్యం ఎట్లా ఉంది? మొన్న చిక్కినట్టు కనిపించారు.

మీ
మంజుల

*

చేవెళ్ళ
జూలై చివరి వారం

మంజులా,

నీ ఉత్తరం దిద్ది, దీనితో కలిపి పంపుతున్నాను. ఎర్ర గీతలు చూసి బెదిరిపోకు. వాక్యం నీకు బాగా వచ్చు. ఎక్కడ ఆగాలో ఒక్కటే నేర్చుకోవాలి.

దిద్దడం ఆలస్యమైంది. టైంటేబుల్‌లో నాకు రోజుకొక లీజర్ పీరియడ్ ఉంది. ఆ గడిలో ఏ తరగతీ ఉండదు. పాఠాలు చూసుకోవడానికి, నోట్సులు దిద్దడానికి ఇచ్చిన సమయం అది. కానీ పొద్దున ప్రార్థన అయ్యేసరికి, ఆ రోజు రాని టీచరు తరగతి వచ్చి ఆ గడిలో కూర్చుంటుంది. నిన్న ఎనిమిదో తరగతికి లెక్క ముందుగా చూసుకోకుండానే పోయాను. బోర్డు మీద తప్పు చేశాను. ఎవరూ పట్టుకోలేదు. పట్టుకున్నా బాగుండేది. అందరూ బుద్ధిగా నోట్సులో ఎక్కించుకున్నారు. ఇంటికి వచ్చి పొయ్యి ముందు నిలబడ్డప్పుడు గాని ఆ తప్పు నాకు తెలియలేదు.

చిక్కానన్నావు. మధ్యాహ్నం పిల్లల వరసల మధ్య తిరుగుతూ తింటాను. ఒక చేతిలో బాక్సు, రెండో చేత్తో పిల్లల్ని ఆపడం. సగం రోజులు బాక్సు మూత తీయకుండానే ఇంటికి వస్తుంది. కడుపులో మంటని దవాఖానకు పోతే, డాక్టరమ్మ "మధ్యాహ్నం ఏం తింటరు మేడం?" అని అడిగింది. టీచర్ని అయ్యుండి ఆ చిన్న ప్రశ్నకు 'ఏదో ఒకటి' అని చెప్పి వచ్చాను.

ఇంటికి వచ్చి, ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన ఆర్డరు తీసి చదివాను. చేరిన రోజు జీతం చూసుకుని సంతకం పెట్టాను తప్ప మిగతాది చదవలేదు. అచ్చులో ఉంది మంజులా. మధ్యాహ్నం భోజన విరామంలో టీచరుకు వేరే పని చెప్పరు. రోజుకొక పీరియడ్ పాఠం తయారీకి ఇస్తారు. కింద బడి నడిపే కరస్పాండెంట్ సార్ సంతకం కూడా ఉంది. స్టాఫ్ రూములో అందరికీ చూపించాను. తెలుగు చెప్పే ప్రమీలమ్మ మేడం కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, "అంటే ఇన్నేండ్ల సంది నేను మింగుతున్ననే గాని నములుతలేనన్నట్టు" అంది. నవ్వుకున్నాం.

మేమందరం కలిసి సార్‌ను అడగాలనుకుంటున్నాం. నువ్వు నాకొక సాయం చెయ్యి. మీ బ్రాంచీలో చిన్న పిల్లల తిండి గొడవ లేకుండా జరుగుతుందని భూపాల్ చెప్పాడు. నువ్వు ఎట్లా చేస్తావో వివరంగా రాయి. నీకు వ్యాసం రాసినట్టూ ఉంటుంది.

ప్రేమజ్యోతి

*

మొయినాబాద్
ఆగస్టు

వదినకు,

పాఠం తయారు చేసుకోవాలన్న సంగతి నాకు తెలియదు. టీచర్లకు అన్నీ ముందే వచ్చి ఉంటాయని అనుకున్నాను. రేపటి రొట్టెలకు ఇవాళే జొన్నలు పట్టించి పెట్టుకున్నట్టు, మీరు కూడా ముందు రోజే సిద్ధం కావాలన్నమాట. అది తెలిశాక మా టీచర్లను చూస్తే పాపం అనిపిస్తున్నది.

మీరు అడిగింది రాస్తున్నాను. గంటకు ముందే ఎల్‌కేజీ పిల్లలను వరండాలో చాపల మీద కూర్చోబెడతాను. చేతులు కడిగిస్తాను. మూతలు రాని బాక్సులు తీసి పెడతాను. నెమ్మదిగా తినే పిల్లలకు ముందే మొదలుపెడతాను. ఒక పిల్ల పెరుగన్నం చూస్తే ఏడుస్తుంది, ఆమెను పప్పన్నం తెచ్చుకునే పిల్ల పక్కన కూర్చోబెడతాను. ఇద్దరూ మార్చుకుని తింటారు. అక్కడ పెద్దవాళ్ళు చూడనట్టు ఉండాలి. గంట కొట్టి టీచరు వచ్చేసరికి సగం మంది తినేసి ఉంటారు. "నువ్వుంటే మాకు పనే లేదు మంజులా" అంటారు టీచర్లు. అంతే వదినా, ఇందులో రాయడానికి ఏముందో నాకు తెలియదు. మిగతా ఆయాలు సాలమ్మ, రామమ్మ కూడా ఇంతే చేస్తారు. ఆ తరువాత నేను ఇంటికి పరుగెత్తుతాను.

నాకు భయంగా ఉంది. మీరు అడిగితే సార్‌కు కోపం వస్తుందేమో. మీ తమ్ముడికి చెప్తే, "అక్కను ఆపుడు ఎవల తరం? నా పలక గుంజుకున్నోని ఇంటికి పొయ్యి, వాని తాతతోని కొట్లాడొచ్చింది. సారు ఎంత" అన్నారు. అత్తమ్మ మాత్రం, "దానికి చిన్నప్పటి సంది ఆకలైతే కోపమొస్తది. గందుకే అడుగుతున్నది. అన్నం పెడితే చల్లబడ్తది" అంది. ఇది మీకు రాయమని కూడా ఆమే చెప్పింది.

పాపకు కింద పన్ను మొలుస్తున్నది. నిన్న తాగుతూ కొరికింది. నేను అబ్బా అంటే, ఆపి నా ముఖం చూసి నవ్వింది. నవ్వి మళ్ళీ తాగింది.

ఈసారి ఎక్కడ ఆగాలో చూసుకుని రాశాను. ఎర్ర గీతలు తగ్గుతాయేమో చూడాలి.

మంజుల

*

చేవెళ్ళ
సెప్టెంబర్

మంజులా,

గెలిచాం.

వరసగా రాస్తాను. నిన్న బడి విడిచాక టీచర్లమంతా సార్ గదికి పోయాం. కూర్చోమనలేదు. నేను ఆర్డరు బల్ల మీద పెట్టాను. ఆయన చదవలేదు, పేపర్‌వెయిట్ దాని మీద పెట్టారు. ముందు నెమ్మదిగానే మాట్లాడారు. బడి మనందరి ఇల్లు అన్నారు. ప్రమీలమ్మ మేడం, "ఇల్లయితే ఇంట్ల కూసోని తింటం గద సార్" అంది. తరువాత ఆయన అసలు మాట అడిగారు.

"మీరంత కూసోని తింటుంటె పిల్లలను ఎవరు జూడాలె మేడం? ఒకని గొంతుల ముద్ద పడితె జవాబు ఎవరు చెప్పాలె?"

ఆ ఒక్క మాటతో అందరూ తలలు దించుకున్నారు. వెనక నుంచి ఇద్దరు తలుపు దగ్గరికి జరిగారు కూడా. అప్పుడు నాకు నీ ఉత్తరం గుర్తుకొచ్చింది. మొయినాబాద్‌లో ఒక ఆయమ్మ పిల్లలందరికీ ఎట్లా తినిపిస్తున్నదో చెప్పాను. పెరుగన్నం పిల్ల సంగతి కూడా చెప్పాను. "టీచరు వచ్చేసరికే సగం మంది తినేస్తారు సార్. ఆయాలకు చేతనైన పని. వాళ్ళకు అప్పజెప్పండి" అన్నాను. ఆయన పెన్ను తీసి రాసుకున్నారు. "గిది మంచిగున్నది" అన్నారు.

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజు నుంచి రెండు బ్రాంచీల్లో టీచర్లకు భోజన విరామం, రోజుకొక లీజర్ పీరియడ్. ఆ పీరియడ్‌లో వేరే తరగతికి పంపరు. రాత్రికే వాట్సాప్ గ్రూపులో నోటీసు పెట్టారు. ప్రమీలమ్మ మేడం ఫోన్ చేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

నీ పేరు చెప్పలేదు. కానీ ఇది నీ చలవే. ఇకమీదట నీ ఉత్తరాలు ఆ లీజర్ పీరియడ్‌లోనే దిద్దుతాను. పదో తరగతి గణితం కూడా మొదలుపెడదాం. దీనితో ఒక పుస్తకం పంపుతున్నాను, మొదటి పాఠం చదివి ఉంచు.

ప్రేమజ్యోతి

*

మొయినాబాద్
అక్టోబర్

వదినకు,

మీ ఉత్తరం చదివి అత్తమ్మకు వినిపించాను. ఆమె సంతోషించింది. మా టీచర్లు కూడా ఇప్పుడు స్టాఫ్ రూములో బల్ల చుట్టూ కూర్చుని తింటున్నారు. కూరలు మార్చుకుంటున్నారు. నవ్వులు వరండా దాకా వినిపిస్తాయి.

మీ కడుపు మంట తగ్గిందా?

పాప బాగుంది. పాకెట్ పాలు అలవాటు చేశాం. మధ్యాహ్నం అత్తమ్మే చూసుకుంటున్నది.

గణితం మొదటి పాఠం చదివాను. పూర్తిగా అర్థం కాలేదు. రెండు పేజీలు నిండలేదు, ఏమీ అనుకోకండి. బడిలో పని కొంచెం ఎక్కువగా ఉంది.

మంజుల

*

చేవెళ్ళ
నవంబర్

మంజులా,

ఇది లీజర్ పీరియడ్‌లో రాస్తున్నాను. కిటికీ పక్కన కూర్చున్నాను. రేపటి పాఠం చూసుకోవడం అయిపోయింది, ఇంకా సమయం మిగిలే ఉంది. నాకిది ఎంత కొత్తగా ఉందో చెప్పలేను. ఎనిమిదో తరగతికి పాత తప్పు చెప్పి, లెక్క మళ్ళీ చేయించాను. మధ్యాహ్నం ప్రమీలమ్మ మేడం పాలకూర పప్పు తెచ్చింది. కూర్చుని, నమిలి తిన్నాం. కడుపు మంట లేదు.

ఇక నీ సంగతి. నీ ఉత్తరంలో దిద్దడానికి ఏమీ లేదు. అదే నాకు నచ్చలేదు. అంత జాగ్రత్తగా నువ్వెప్పుడూ రాయవు. పాకెట్ పాలు ఎందుకు? పన్ను వచ్చి కొరుకుతున్నదనా? ఏడాదన్నా నిండని పిల్లకు తల్లిపాలు మాన్పిస్తారా ఎవరన్నా? చదువుకుంటున్నావు కదా, ఆ మాత్రం తెలియదా? మధ్యాహ్నం గంటకు ఇంటికి పోయి ఇవ్వడానికి నీకు అడ్డమేముంది? మా అమ్మ ముసలిది, ఆమె మీద అంత భారం వెయ్యకు. కోపంతో రాయడం లేదు, చెల్లెలనుకుని రాస్తున్నాను. దీనికి మాత్రం సూటిగా జవాబు రాయి.

రెండో పాఠం కూడా చదువు. పక్కన పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను.

ప్రేమజ్యోతి

*

మొయినాబాద్
నవంబర్ చివర

వదినకు,

సూటిగా రాయమన్నారు. మూడుసార్లు రాసి చింపేశాను. అత్తమ్మ, "ఎందుకే కాయితాలు పాడు జేస్తవు, ఉన్నది ఉన్నట్టు రాయరాదు. అది పరాయిదా" అంది. అందుకే రాస్తున్నాను. మీరు నొచ్చుకోకూడదు.

దసరా తరువాత బడి తెరిచిన రోజు ప్రిన్సిపాల్ మేడం ఆయాలను పిలిచింది. "ఈ దినం సంది లంచ్ డ్యూటీ మీదే. టీచర్లు రారు. పిల్లలందరు తిన్నంక, వరండా కడిగినంక మీరు తినుండ్రి. గంట టైముల ఎవ్వరు గేటు దాటొద్దు" అంది. ఎల్‌కేజీ ఒక్కటే కాదు, ఐదో తరగతి దాకా అందరూ మా మీదే. సాలమ్మ, "మేం ఎప్పుడు తినాలె మేడం" అంటే, "మొయినాబాద్ల ఆయాలు మస్తు చేస్తరని సార్ కాడ పేరొచ్చింది. ఆ పేరు నిలబెట్టుకోండ్రి" అని పోయింది. సాలమ్మ నా వైపు తిరిగి, "ఎవలే మనకింత మంచి పేరు తెచ్చింది?" అంది. నేను చాపలు పరుస్తున్నాను. తల ఎత్తలేదు.

మొదటి రోజు గంట కొట్టగానే నా కాళ్ళు వెనక గేటు వైపే నడిచాయి. వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. తిరిగి వచ్చి పిల్లలకు తినిపిస్తుంటే గోడ అవతల పాప ఏడుపు వినిపించింది. గంట వినిపించింది కదా, అమ్మ వస్తుందనుకుంది. మన ఇల్లు గోడకు అంత దగ్గరగా ఉన్నందుకు మొదటిసారి బాధపడ్డాను. నా చేతిలో ఇంకొకరి పిల్ల ముద్ద ఉంది. నోరు తెరిచి చూస్తున్నది. పెట్టాను. పాలు వచ్చి రవిక తడిసిపోయింది. కొంగు కప్పుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాను. పెరుగన్నం పిల్ల, "ఆయమ్మా, నీ మీద నీళ్లు పడ్డయా?" అని అడిగింది. అవునన్నాను.

అత్తమ్మ పాపను ఎత్తుకుని వెనక గేటు దాకా వచ్చింది. రెండు రోజులు గేటు సందులో నుంచి చూపించింది. చూస్తే ఇంకా ఏడుస్తున్నదని తరువాత రాలేదు. గంట కొట్టే వేళకు పాపను ఎత్తుకుని రోడ్డు దాకా పోతున్నది, వినబడకుండా.

ఇప్పుడు పాలు తగ్గిపోయాయి. పొద్దున కొంచెం వస్తాయి. పాప రెండు గుక్కలు తాగి వదిలేస్తుంది.

నేను మొదటే ఎందుకు రాయలేదంటే, రాస్తే మీరు ఊరుకోరు. మీ అన్నం, మీ లీజర్ పీరియడ్ రెండూ పోతాయి. ఆ పీరియడ్‌లోనే కదా నా ఉత్తరాలు దిద్దుతున్నారు. అది కూడా పోతుందని భయపడ్డాను. నా స్వార్థం కూడా ఉంది. మా టీచర్లు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళు ఆకలితో పాఠాలు చెప్పడం నేను కళ్ళతో చూశాను. వాళ్ళు కూర్చుని తింటుంటే నాకు బాగానే ఉంటుంది. అందుకని అది తీసెయ్యమని మాత్రం అడగకండి. ఎవరి ముందునుంచీ నేను విస్తరి లాగలేను.

మీ తమ్ముడు పని మానెయ్యమన్నారు. మానేస్తే సాలమ్మ, రామమ్మ ఇద్దరే మిగులుతారు.

మంజుల

*

చేవెళ్ళ
డిసెంబర్

మంజులా,

నీ ఉత్తరం నా దగ్గరే ఉంది. ఎర్ర పెన్ను తీసి మళ్ళీ పెట్టేశాను. దిద్దలేకపోయాను.

ఆ రోజు సార్ గదిలో అందరూ తలలు దించుకున్నప్పుడు, ఒక జవాబు దొరికిందని సంతోషపడ్డాను. ఆ జవాబు ఎవరి మధ్యాహ్నంలో నుంచి తీసి ఇస్తున్నానో ఆలోచించలేదు. ఆలోచించడానికి నాకు తెలియనిది ఏమీ లేదు కూడా. నువ్వు ఇంటికి పరుగెత్తుతావని మొదటి ఉత్తరంలోనే రాశావు. రెండో దానిలో మళ్ళీ రాశావు. నేను నాకు కావలసిన వాక్యం వరకే చదివి ఆపేశాను. పైగా తల్లిపాల గురించి నీకే పాఠం చెప్పాను. ఆ ఉత్తరం చింపెయ్యి.

ఇక్కడ కూడా ఆయాలు అట్లాగే ఉన్నారు. మా బాలనర్సమ్మ మెట్ల కింద నిలబడి తింటున్నది. అక్టోబర్ నుంచి నేను రోజూ ఆమె పక్కనుంచే పోతున్నాను. చూశాను, కానీ చూడలేదు.

స్టాఫ్ రూములో విషయం పెట్టాను. అందరూ నా మీద పడ్డారు. "ఏండ్లకు ఒకసారి దొరికింది, మళ్ల కెలుకకండి మేడం" అని ఒకరు. "మనం అడగకపోతె వాళ్లకు దొరికేదా? వాళ్లను అడుక్కొమ్మనండి" అని ఇంకొకరు. ప్రమీలమ్మ మేడం బాక్సు మూత పెట్టేసి, "నిన్నటి దాక మనం గూడ గిదే మాట విన్నం గద. నోరు మారింది, మాట మారలే" అంది. తరువాత నాతో పాటు ఆమె ఒక్కతే సార్ దగ్గరికి వచ్చింది.

సార్ ఈసారి కూర్చోమన్నారు. "టీచర్లకు ఆర్డర్ల రాసున్నది, ఇచ్చిన. ఆయాలకు ఏ ఆర్డరున్నది? వాళ్లేమన్న అడిగిన్రా? మీరెందుకు అడుగుతున్నరు? మీకు ఎక్కువైతె చెప్పండి, మీ లంచ్ డ్యూటీ మీకే ఇస్త" అన్నారు. నేను ఇవ్వండి అనబోయాను. విస్తరి లాగలేనని నువ్వు రాసిన మాట గుర్తుకొచ్చి ఆగాను. నేను ఒక్కదాన్ని ఆకలితో ఉంటే నీకు గేటు తెరుచుకోదు.

దారి ఉంది మంజులా. చిన్న పిల్లలకు ఒక పీరియడ్ ముందు తిండి పెట్టి, పెద్ద పిల్లలకు తరువాత పెడితే, ఆయాలు వంతులు వేసుకోవచ్చు. ఎవరి అన్నమూ పోదు. ప్రమీలమ్మ మేడం, నేను కూర్చుని లెక్క వేశాం. కానీ నేను అడిగితే ఆయన వినరు. "వాళ్లు అడిగిన్రా" అన్నారు కదా. మీరే అడగాలి. నీకు నోరు పెగలదని నాకు తెలుసు. ఈ మాట నీకు రాయడానికి సిగ్గుగా ఉంది.

మధ్యాహ్నం బాక్సు తెరవబుద్ధి కావడం లేదు.

ప్రేమజ్యోతి

*

మొయినాబాద్
ఫిబ్రవరి

వదినకు,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. జరిగిందంతా అయ్యాక రాద్దామని ఆగాను.

మీ ఉత్తరం చదివి చాలా రోజులు ఊరికే ఉన్నాను. ప్రిన్సిపాల్ మేడం ఎదురైతే అడగాలని అనుకునేదాన్ని. ఆమె ఎదురైతే పక్కకు జరిగేదాన్ని. సాలమ్మకు అంతా చెప్పేశాను. మంచి పేరు తెచ్చింది నేనే అని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. "మంచిగ చేసుడు గూడ తప్పే అయితె ఇగ మనం బతికినట్టే. అడుగుదాం తియ్. నువ్వే అడగాలె" అంది. నాకు మాట రాదన్నాను. "నీకు రాసుడు వస్తది గద" అంది.

అప్పుడు రాశాను వదినా. మీకు రాసినట్టే రాశాను. పైన ఊరి పేరు పెట్టాను. గౌరవనీయులైన అని మొదలుపెట్టి, చిన్న పిల్లలకు ముందు, పెద్ద పిల్లలకు తరువాత అని మీరు చెప్పిన పద్ధతి రాశాను. ఎవరు ఏ వంతులో ఉంటారో రాశాను. ఎక్కడ ఆగాలో చూసుకున్నాను. సాలమ్మ, రామమ్మ వేలిముద్రలు వేశారు. నేను సంతకం చేశాను.

మేడం చదివి, "ఇది ఎవరు రాసిచ్చిన్రు మీకు?" అని అడిగింది. సాలమ్మ నా వైపు చూసింది. "ఏ టీచర్ రాసింది, చెప్పండి" అని గట్టిగా అడిగింది. టీచర్ల మీదికి పోతుందని భయం వేసింది. "నేనే రాసిన మేడం" అన్నాను. ఆమె నమ్మలేదు. సాలమ్మ, "గీ పిల్లనే మేడం. నోట్లె నాలిక లేదనుకుంటిమి, చేతిల ఉన్నది" అంది.

"టీచర్లకైతె ఆర్డర్ల ఉన్నది. మీకు ఎక్కడ రాసిచ్చినం?" అంది మేడం.

"రాసియ్యలేదు మేడం. గందుకే రాసియ్యమంటున్నం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె కాగితం పక్కన పెట్టింది. వారం దాకా ఏమీ జరగలేదు. ఈలోపు ఎట్లా తెలిసిందో, మా టీచర్లలో ఇద్దరు మధ్యాహ్నం బాక్సులు తెచ్చుకుని వచ్చి, మా పక్కన వరండాలో కూర్చుని తినడం మొదలుపెట్టారు. పిల్లలను చూడలేదు, మా పనిలో వేలు పెట్టలేదు, ఊరికే కూర్చుని తిన్నారు. మూడో రోజు నలుగురు వచ్చారు. మేడం వచ్చి చూసి పోయింది. ఆ శుక్రవారం సార్ వచ్చారు. సోమవారం నోటీసు బోర్డు మీద కాగితం పెట్టారు. అందులో మా వంతులు, మా భోజన విరామం, మా పేర్లు ఉన్నాయి. మంజుల, సాలమ్మ, రామమ్మ. రామమ్మ తన పేరు ఎక్కడుందో చూపించమని, దాని మీద వేలు పెట్టి చూసుకుంది. మీ దగ్గర బాలనర్సమ్మకు కూడా వచ్చిందని భూపాల్ అన్న చెప్పాడు.

నాకు చిన్న పిల్లల వంతు వచ్చింది. అందుకని మధ్యాహ్నం గంట కొట్టేసరికి నా పని అయిపోతుంది.

మొదటి రోజు గంట కొట్టగానే వాచ్‌మన్ తనే గేటు తీశాడు. నేను పరుగెత్తాను. అత్తమ్మ గడప మీదే కూర్చుని ఉంది, పాప ఒళ్ళో ఉంది. గంటకు పాప కాళ్ళు ఆడించలేదు. ఆ గంట సంగతి మరిచిపోయింది. ఎత్తుకుని కొంగు చాటున పెట్టుకున్నాను. నా బొట్టు కేసి చూసింది. నోరు పెట్టింది. పెట్టి తీసేసి, తల అటు తిప్పి, గోడకు ఆనించి ఉన్న సీసా వైపు చేయి చాపింది.

పాలు లేవు వదినా. నాకు ముందే తెలుసు. ఐనా పరుగెత్తాను.

అత్తమ్మ లేచి లోపలికి పోయి కంచంలో మెత్తగా అన్నం, పప్పు కలుపుకుని వచ్చింది. "దానికొక ముద్ద పెట్టు, నువ్వొక ముద్ద తిను. ఇద్దరు తిననోళ్లే" అంది. పాప మొదటి ముద్ద ఊసింది. రెండోది మింగింది. తరువాత ముద్ద నా నోటి దాకా పోతుంటే నా చేయి పట్టుకుని తన వైపు లాగింది. ఇప్పుడు రోజూ అట్లాగే తింటున్నాం. ఒకే కంచం.

ఇది చదివి మీరు బాధపడతారని తెలుసు. కానీ దాచిపెడితే ఏం జరుగుతుందో ఇద్దరం చూశాం. అందుకే రాశాను.

నవంబర్‌లో నేను రాసిన ఉత్తరం మీ దగ్గరే ఉందన్నారు. అది కూడా దిద్ది పంపండి. అందులో తప్పులు ఉంటాయి, ఏడుస్తూ రాశాను. వచ్చే ఏడు పరీక్ష ఉంది కదా, వదిలెయ్యకండి. గణితం నాలుగో పాఠం దాకా వచ్చాను. ఐదోది మీరు చెప్పాలి.

రెండు బళ్ళలోనూ మధ్యాహ్నం గంట ఒకే సమయానికి కొడతారని భూపాల్ అన్న చెప్పాడు. రేపు గంట వినబడగానే మీరు బాక్సు మూత తియ్యండి. ఇక్కడ నేను పాపకు ముద్ద కలుపుతూ ఉంటాను.

మంజుల